గుండె పక్కన చిన్న సంచి... పక్షవాతానికి పెద్ద దారి

మందు పడని వారికి ఆ దారి మూసే చికిత్స - ఎవరికి పనికివస్తుంది? ఎవరికి పనికిరాదు?

తెల్లవారితే చేనుకు నీరు పెట్టాలని చెప్పి రాత్రి పడుకున్న పెద్దమనిషి పొద్దున్న లేచేసరికి మూతి ఒక పక్కకు లాగేసి వుంటుంది. కుడిచెయ్యి లేవదు. మాట ముద్దముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో, వాతం కమ్మిందనో అనుకుంటారు. ఫలానా వూరిలో పసరు పోస్తారు, మూడు పూటల్లో లేచి కూర్చుంటాడని ఇరుగుపొరుగు చెబుతారు. ఆటో మాట్లాడుకుని అక్కడికి తీసుకుపోతారు. అక్కడి నుంచి పట్నంలో ఆస్పత్రికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. అప్పటికి మెదడుకు జరగవలసిన నష్టం జరిగిపోయి వుంటుంది.

ఇలాంటి సంగతి ఎరగని వూరు జిల్లాలో లేదంటే అతిశయోక్తి కాదు. అయితే పక్షవాతం మెదడుకు వచ్చే జబ్బే అయినా, చాలామందిలో దాని పుట్టుక మెదడులో కాదు, గుండెలో జరుగుతున్నదన్న విషయం ఇంకా గ్రామాలకు చేరలేదు. గుండెలో ఎడమవైపు పైగదికి అతుక్కుని వుండే బొటనవేలంత సంచిలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ కొట్టుకువెళ్లి మెదడు నరానికి అడ్డుపడటమే ఇందుకు కారణం. ఈ సంచి నోరు మూసివేసే చికిత్స ఇప్పుడు మన దేశంలోని పెద్ద ఆస్పత్రులలో కూడా జరుగుతున్నది. అది అందరికీ అవసరమైనది కాదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం ప్రాణం మీది సంగతి.

లయ తప్పిన గుండె

గుండెలో నాలుగు గదులు వుంటాయి. పైన రెండు, కింద రెండు. పైగదులు నెత్తురును కింది గదులలోకి నెడతాయి. కింది గదులు దానిని వొంటికంతటికీ పంపుతాయి. పైగదుల్లో పుట్టే చిన్న విద్యుత్తు తాకిడి ఈ పనిని ఒక తాళం ప్రకారం నడిపిస్తుంది. విశ్రాంతిగా వున్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు.

కొందరిలో ఈ తాళం తప్పుతుంది. పైగదుల్లో ఒకచోట పుట్టవలసిన విద్యుత్తు అనేకచోట్ల ఒకేసారి పుట్టి, గది గోడలు ముడుచుకోవడం మాని వణకడం మొదలుపెడతాయి. ఆ వణుకు నిమిషానికి 350కి పైగా వుంటుంది. అందులో కొన్ని తాకిడులే కింది గదులకు చేరతాయి. అవి కూడా ఒక వరుసలో చేరవు. అందువల్ల నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. దీనినే డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు.

వయసు మీదపడటం, ఎంతోకాలంగా అదుపులో లేని రక్తపోటు, గుండె కవాటాల జబ్బు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, స్థూలకాయం, మితిమీరిన తాగుడు - ఇవి దీనికి ముఖ్య కారణాలు. కొందరికి గుండెదడ, ఆయాసం, నీరసం కనిపిస్తాయి. కొందరికి ఏమీ తెలియదు. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరిన తర్వాతనే గుండె లయ తప్పిన సంగతి బయటపడేవారు కూడా వున్నారు.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే వూరి జనాన్ని 1948 నుంచి డాక్టర్లు వరుసగా పరీక్షిస్తూ వచ్చారు. ఈ జబ్బు వున్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారికంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువని ఆ పరిశీలనలో తేలి, 1991లో ప్రకటించబడింది. కీళ్లవాతం వల్ల కవాటం చెడినవారికి ఈ లయ తప్పే జబ్బు కూడా తోడైతే ముప్పు 17 రెట్లని అంతకు ముందే, 1978లో అదే వూరి లెక్కలు చెప్పాయి.

చెవి ఆకారంలో సంచి

గుండె పైగదిని మన బడి పుస్తకాలలో కర్ణిక అంటారు. కర్ణమంటే చెవి. ఆ పేరు వూరికే రాలేదు. ఒక్కొక్క పైగదికి బయటివైపున చెవి తమ్మెలా వేలాడే చిన్న సంచి వుంటుంది. ఎడమవైపు సంచి సన్నని మెడతో, లోపల మడతలు మడతలుగా వుంటుంది. దాని ఆకారం అందరిలో ఒకేలా వుండదు. కోడి రెక్కలా వంగినవి, కాలీఫ్లవర్‌లా గుబురుగా వున్నవి, బ్రహ్మజెముడులా పాయలుగా చీలినవి అంటూ డాక్టర్లు వాటికి పేర్లు పెట్టుకున్నారు. బిడ్డ తల్లి కడుపులో వున్నప్పుడు మొదట ఏర్పడిన పైగదిలో మిగిలిపోయిన భాగమే ఈ సంచి.

గుండె లయగా కొట్టుకున్నంత కాలం సంచి కూడా ముడుచుకుంటూ తెరుచుకుంటూ వుంటుంది. లోపలి నెత్తురు నిలవ వుండదు. పైగది వణకడం మొదలైతే సంచి చచ్చుబడుతుంది. పారే కాలువలో నాచు పట్టదు. గట్టు పక్కన గుంటలో నిలిచిపోయిన నీటికే పడుతుంది. ఇక్కడ జరిగేది కూడా అదే. మడతల మధ్య నిలిచిన నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డలో ఒక తునక విడివడితే కింది గదిలోకి, అక్కడి నుంచి పెద్ద ధమనిలోకి, మెడ మీదుగా మెదడుకు చేరుతుంది. గుండె నుంచి వచ్చే గడ్డలు తరచు పెద్దవిగా వుంటాయి గనుక మెదడులో పెద్ద నరాలకే అడ్డుపడతాయి. ఈ రకం పక్షవాతం తీవ్రంగా వుండటానికి ఇదే కారణం.

కవాటాల జబ్బు లేకుండా లయ తప్పినవారిలో గుండె ఎడమ పైగదిలో కనిపించిన గడ్డలలో నూటికి 90 దాకా ఈ సంచిలోనే వున్నాయని 1996లో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు పాత పరిశీలనలన్నీ క్రోడీకరించి చూపారు. కీళ్లవాతం కవాట జబ్బు వున్నవారిలో మాత్రం ఈ లెక్క నూటికి 57 మాత్రమే. మిగిలిన గడ్డలు గదిలోనే ఏర్పడుతున్నాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం ఎంతైనా అవసరం. ఎందుకో ముందు తెలుస్తుంది.

నాడి పట్టి చూస్తే తెలుస్తుంది

లయ తప్పిన గుండెను అనుమానించడానికి యంత్రాలు అక్కరలేదు. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదటి వైపు, మూడు వేళ్లు ఆనించి గడియారం చూస్తూ నిండు నిమిషంపాటు నాడి లెక్కపెట్టాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా వుంటే దిగులు లేదు. ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా, ఏ వరుసా లేకుండా కొట్టుకుంటుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, దగ్గరలోని ఆస్పత్రికో వెళ్లి ఇ.సి.జి. తీయించుకోవాలి. అరవై అయిదేళ్లు దాటినవారి నాడిని ఇంట్లోవాళ్లు అప్పుడప్పుడు ఇలా చూడటం మంచిది.

అయితే నాడి తేడాగా వున్నంత మాత్రాన ఈ జబ్బే అని నిర్ణయించరాదు. మధ్యమధ్య ఒక దెబ్బ ఎక్కువగా కొట్టుకోవడం ఆరోగ్యవంతులలో కూడా కనిపిస్తుంది. అలాగే కొందరిలో ఈ జబ్బు వచ్చి పోతూ వుంటుంది. ఒకసారి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కూడా చెప్పలేరు. అలాంటివారికి ఒకటి రెండు రోజులపాటు ఛాతీకి కట్టి వుంచే చిన్న యంత్రంతో పరీక్షిస్తారు.

ఇక, లయ తప్పిన ప్రతివారికీ ముప్పు ఒకే స్థాయిలో వుండదు. డాక్టర్లు దీనికి మార్కులు వేస్తారు. గుండె బలహీనతకు ఒకటి, రక్తపోటుకు ఒకటి, మధుమేహానికి ఒకటి, రక్తనాళాల జబ్బుకు ఒకటి, 65 ఏళ్లు దాటితే ఒకటి, 75 నిండితే రెండు, ఇంతకు ముందే పక్షవాతం వచ్చి వుంటే రెండు. మార్కులు పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతుంది. బడిలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషం. ఇక్కడ ఎక్కువ వస్తే మందు తప్పదని అర్థం.

పశువుల జబ్బు నుంచి పుట్టిన మందు

నెత్తురు గడ్డకట్టకుండా చూసే మందు ఈ జబ్బుకు మొదటి చికిత్స. ఆ మందు పుట్టుక రైతులకు ఆసక్తి కలిగించేదే.

1920 తర్వాత అమెరికా, కెనడా దేశాలలో పశువులు నెత్తురు కారి చనిపోవడం మొదలైంది. కొమ్ము కోసినా, చిన్న గాయమైనా నెత్తురు ఆగేది కాదు. తడిసి బూజు పట్టిన ఒక రకం జనుము జాతి గడ్డిని మేసిన పశువులకే ఇలా జరుగుతున్నదని పశువైద్యులు కనిపెట్టారు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుపానులో 190 మైళ్లు ప్రయాణంచేసి, చచ్చిన పడ్డను, ఆ గడ్డిని, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురును తెచ్చి విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే శాస్త్రజ్ఞుని ముందు పెట్టాడు. లింక్ బృందం కొన్నేళ్లు శ్రమించి గడ్డిలోని ఆ పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇదే వాడారు. మన వైపు డాక్టర్లు ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ ఈ కోవకు చెందినదే.

ఈ మందు కత్తి మీద సాము వంటిది. తగ్గితే గడ్డ కడుతుంది, పెరిగితే నెత్తురు కారుతుంది. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే నెత్తురు పరీక్ష తరచు చేయించుకుని అది 2కూ 3కూ మధ్య వుండేలా మోతాదు సర్దుకోవాలి. గోంగూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలలో వుండే కె విటమిన్ మందు బలాన్ని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒక వారం అసలు తినక, మరో వారం పూటపూటా తినకుండా, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఒళ్లునొప్పులకని దుకాణంలో కొనుక్కునే మాత్రలు మాత్రం ప్రమాదకరం. అవి ఈ మందుకు తోడైతే కడుపులో నెత్తురు కారవచ్చు.

2009 తర్వాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త మందులు వచ్చాయి. వీటికి మాటిమాటికీ నెత్తురు పరీక్ష అక్కరలేదు. మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదం వార్ఫరిన్‌తో కంటే వీటితో తక్కువ. కవాట జబ్బు లేనివారికి ఇప్పుడు ఎక్కువగా ఇవే రాస్తున్నారు.

మందు పడని వారి గతి?

చాలామందికి మందుతోనే గడిచిపోతుంది. చిక్కంతా మిగిలిన కొద్దిమందితోనే. ఒకసారి మెదడులో నెత్తురు చిమ్మి బతికి బయటపడినవారు, కడుపులో పుండ్లతోనో పేగులలో నరాలు చిట్లో పదేపదే నెత్తురు పోయేవారు, కాలేయం బాగా చెడినవారు, మాటిమాటికీ పడిపోతూ దెబ్బలు తగిలించుకునేవారు ఈ మందును ఏళ్ల తరబడి మింగలేరు. మింగితే నెత్తురు పోతుంది. మానితే పక్షవాతం పొంచి వుంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న సామెత వీరికి అక్షరాలా వర్తిస్తుంది. గడ్డలలో అధికభాగం ఆ సంచిలోనే పుడుతున్నప్పుడు, వొంట్లో వున్న నెత్తురంతా పలచబరచే బదులు సంచి నోరే మూసివేస్తే సరిపోదా అన్న ఆలోచన వీరి కోసమే వచ్చింది.

ఆలోచన పాతదే

నిజానికి ఇది నేటి ఆలోచన కాదు. 1949లోనే న్యూయార్క్‌కు చెందిన జాన్ మాడెన్ అనే శస్త్రవైద్యుడు ఇద్దరు రోగులకు ఈ సంచిని కోసి తీసివేసిన సంగతి అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రకటించాడు. గుండె ఆపరేషన్లు తొలి అడుగులు వేస్తున్న రోజులవి. ప్రమాదం ఎక్కువగా వుండటంతో ఆ పద్ధతి వెనుకబడింది. 1987లో జేమ్స్ కాక్స్ అనే శస్త్రవైద్యుడు లయ తప్పిన గుండెను సరిచేసే ఆపరేషన్ ప్రారంభించినప్పుడు అందులో భాగంగా సంచిని కూడా తొలగించడంతో ఈ విషయం మళ్లీ తెరమీదికి వచ్చింది.

అయినా సంచి తీసినందువల్ల పక్షవాతం తగ్గుతుందా లేదా అన్నది గట్టిగా తేలడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. కెనడాలోని హామిల్టన్ నగరానికి చెందిన డాక్టర్ రిచర్డ్ విట్లాక్ నాయకత్వాన 27 దేశాలలో 105 ఆస్పత్రులు కలిసి పరీక్ష జరిపాయి. లయ తప్పిన జబ్బు వుండి, వేరే కారణం మీద గుండె ఆపరేషన్‌కు వచ్చిన 4,770 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్‌తోపాటు సంచిని కూడా మూశారు. రెండవ జట్టుకు మూయలేదు. సగటున 3.8 సంవత్సరాలు గమనించగా, మూసినవారిలో నూటికి 4.8 మందికి, మూయనివారిలో నూటికి 7 మందికి పక్షవాతమో, మరోచోట నరానికి గడ్డ అడ్డుపడటమో జరిగింది. అంటే ముప్పులో మూడోవంతు తగ్గిందన్నమాట.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి వున్నది. ఆ పరీక్షలో రెండు జట్లవారిలోనూ ఎక్కువమంది మందు వాడుతూనే వున్నారు. సంచి మూయడం మందుకు తోడుగా ఉపయోగపడిందే తప్ప మందుకు బదులుగా కాదు. ఈ ఫలితం తర్వాత, లయ తప్పిన జబ్బుతో గుండె ఆపరేషన్‌కు వచ్చినవారికి సంచిని కూడా మూయాలని 2023లో అమెరికా, 2024లో యూరప్ గుండె వైద్య సంఘాలు గట్టిగా సిఫారసు చేశాయి. కవాటం మార్చుకునేందుకో, బైపాస్‌కో వెళ్లేవారు, తమకు నాడి లయ తప్పి వున్నట్లయితే, ఈ సంగతి ముందుగానే డాక్టరును అడగవచ్చు.

ఛాతీ కోయకుండా మూసే పద్ధతి

గుండె ఆపరేషన్ అవసరం లేనివారికి సంచి కోసమే ఛాతీ తెరవడం సబబు కాదు. అలాంటివారికి కాలినరం గుండా వెళ్లి మూసే పద్ధతిని 2001లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ హోర్స్ట్ సీవర్ట్ మొదటిసారిగా చేశారు. ఆనాటి పరికరం ఇప్పుడు వాడుకలో లేదు. ఆ తర్వాత వచ్చినవాటిలో రెండు ముఖ్యమైనవి. ఒకదాని పేరు వాచ్‌మన్, అంటే కావలివాడు. రెండవదాని పేరు ఆమ్యులెట్, అంటే తాయెత్తు. అమెరికా ప్రభుత్వం మొదటిదానికి 2015 మార్చిలో, రెండవదానికి 2021 ఆగస్టులో అనుమతినిచ్చింది.

చికిత్స జరిగే తీరు ఇది. ముందు అన్నవాహిక గుండా సన్నని గొట్టం దింపి, గుండెకు వెనుకవైపు నుంచి ఎకో తీసి, సంచిలో అప్పటికే గడ్డ వున్నదేమో చూస్తారు. వుంటే చికిత్స వాయిదా వేస్తారు. లేకపోతే సంచి నోటి కొలత తీసుకుంటారు. రోగికి మత్తు ఇచ్చి, గజ్జలోని పెద్ద సిరలోకి గొట్టం ఎక్కించి, గుండె కుడి పైగదికి చేరుస్తారు. రెండు పైగదుల మధ్య గోడకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ పైగదిలోకి వెళతారు. గొట్టంలో మడిచిపెట్టిన పరికరాన్ని సంచి నోటిలో విడిస్తే అది గొడుగులా విచ్చుకుంటుంది. నికెల్, టైటానియం కలిసిన లోహపు తీగల చట్రం మీద పాలియెస్టర్ గుడ్డ పరచిన పరికరం అది. గట్టిగా కుదురుకున్నదో లేదో లాగి చూసిన తర్వాతనే దానిని వదులుతారు. పని సాధారణంగా గంట, గంటన్నరలో పూర్తవుతుంది. కొద్ది వారాలలో దాని మీద గుండె పొర పెరిగి కప్పివేస్తుంది. తూముకు బిరడా వేసి పైన మెత్తినట్టు సంచి శాశ్వతంగా మూసుకుపోతుంది.

పొర పెరిగే వరకు ఆ పరికరం మీదనే గడ్డ కట్టే ప్రమాదం వున్నది గనుక కొన్ని వారాలు నెత్తురు పలచబరచే మందో, కొన్ని నెలలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలో తప్పనిసరిగా వాడాలి. నెలన్నర నుంచి మూడు నెలల లోపు మళ్లీ ఎకో తీసి చూస్తారు. కనుక పరికరం పెట్టించుకుని ఇంటికి వచ్చిన మరునాటి నుంచే మందులు మానవచ్చుననుకోవడం పొరపాటు.

ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ పరికరాన్ని వార్ఫరిన్‌తో పోల్చి 707 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. పక్షవాతం, గడ్డలు అడ్డుపడటం, గుండె సంబంధమైన మరణాలు కలిపి చూస్తే నూరుమందిలో ఏడాదికి పరికరం పెట్టినవారిలో 3, మందు వాడినవారిలో 4.9 చొప్పున నమోదయ్యాయి. పరికరం మందుకు తీసిపోలేదని తేలింది. మెదడులో నెత్తురు చిమ్మడం బాగా తగ్గింది.

కాగా దీనికి రెండోవైపు కూడా వున్నది. ఆ తొలి పరీక్షలో పరికరం పెట్టినవారిలో నూటికి దాదాపు ఐదుగురికి గుండె చుట్టూ నెత్తురు చేరి అత్యవసర చికిత్స అవసరమైంది. సంచి గోడ కాగితంలా పలచగా వుంటుంది. గొట్టం మొన తగిలితే చిల్లుపడుతుంది. డాక్టర్లకు చేయి తిరిగినకొద్దీ ఈ ప్రమాదం తగ్గింది. అమెరికాలో 38 వేలకు పైగా చికిత్సలను లెక్కవేసి 2020లో ప్రకటించిన వివరాల ప్రకారం ఆస్పత్రిలో వుండగా పెద్ద ప్రమాదం జరిగినవారు నూటికి ఇద్దరు. తగ్గినా, లేకపోలేదు. అదిగాక కొందరిలో సంచి నోరు పూర్తిగా మూసుకోక పక్కన సందు మిగలవచ్చు. అరుదుగా పరికరం స్థానం తప్పి జారిపోవచ్చు.

అందుకే వైద్య సంఘాల మాట ఈ విషయంలో ఆచితూచి వున్నది. మందు దీర్ఘకాలం వాడలేని గట్టి కారణం వున్నవారికి ఇది సమంజసమని 2023లో అమెరికా సంఘాలు చెప్పాయి. అలాంటివారి విషయంలో పరిశీలించవచ్చునని మాత్రమే 2024లో యూరప్ సంఘం చెప్పింది. మందు పడుతూ, క్రమంగా వాడుకోగలిగినవారికి మందే మొదటి మార్గం. రోజూ మాత్ర మింగడం విసుగనిపించో, పరీక్షకు పట్నం వెళ్లడం కష్టమనిపించో దీనికి సిద్ధపడటం మంచిది కాదు.

కీళ్లవాతం గుండె జబ్బు వారికి హెచ్చరిక

మన పల్లెలలో లయ తప్పిన గుండె అంటే ముసలివారి జబ్బు మాత్రమే కాదు. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్లవాపు వచ్చి, సరైన వైద్యం లేక కవాటం ముడుచుకుపోయిన వారికి ముప్పయి, నలభై ఏళ్లకే ఇది వస్తుంది. వారిలో ఆడవారు ఎక్కువ. వీరి విషయంలో గడ్డలు సంచిలోనే గాక గదిలో కూడా ఏర్పడతాయని పైన చెప్పుకున్నాం. కాబట్టి సంచి మూసినంత మాత్రాన వీరికి రక్షణ వుండదు. కాలినరం గుండా పెట్టే ఈ పరికరాల పరీక్షలు వీరిమీద జరిగినవి కావు.

కొత్త మందుల విషయంలో కూడా వీరికి వేరే లెక్క. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ గణేశన్ కార్తికేయన్ ముఖ్యపాత్ర వహించిన పరీక్ష ఒకటి మనదేశంతో సహా 24 దేశాలలో 4,500 మందికి పైగా రోగులమీద జరిగింది. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం కీళ్లవాతం గుండె జబ్బు వున్నవారిలో కొత్త మందు రివరాక్సబాన్ వాడినవారికంటే పాత కోవ మందు వాడినవారిలోనే మరణాలు తక్కువ. కాబట్టి ఈ జబ్బు వున్నవారు ఐ.ఎన్.ఆర్. పరీక్షల బాధ తప్పించుకోవడానికని పక్కింటివారు వాడే కొత్త మాత్రకు సొంతంగా మారరాదు. మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజక్షన్ కూడా డాక్టరు చెప్పేదాకా మానరాదు.

వెళ్లేముందు అడగవలసినవి

పరికరం ఖరీదు, ఆస్పత్రి ఖర్చు కలిపి లక్షలలో వుంటుంది. పొలం అమ్మో, అప్పుచేసో వెళ్లేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం మంచిది. మందు నిజంగానే పడదా, లేక మోతాదు సర్దితే, కొత్త మందుకు మారితే సరిపోతుందా? పక్షవాతం ముప్పు మార్కులు ఎన్ని వచ్చాయి? ఆ ఆస్పత్రిలో ఈ చికిత్స ఇంతకు ముందు ఎందరికి చేశారు, ఎందరికి ప్రమాదం జరిగింది? పరికరం పెట్టాక ఏ మందు ఎంతకాలం వాడాలి? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో గాని, బీమాలో గాని ఎంత వస్తుందో ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో ముందే విచారించుకోవాలి. కడుపులో పుండు వల్ల నెత్తురు పోయినవారికి ఆ పుండు మానితే మందు మళ్లీ మొదలుపెట్టే వీలు వుండవచ్చు. అలాంటప్పుడు పరికరం అవసరమే రాదు.

గంట గంటకూ నష్టమే

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పక్షవాతం వస్తే ఆలస్యం చేయరాదు. మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి గాని కాలు గాని పడిపోవడం, మాట తడబడటం, చూపు ఒక్కసారిగా పోవడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేసి, తలకు సి.టి. స్కాన్ తీసే ఆస్పత్రికి నేరుగా వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి నాలుగున్నర గంటలలో ఇస్తేనే ఉపయోగం. అడ్డుపడింది గడ్డా, నెత్తురు చిమ్మిందా అన్నది స్కాన్ తీస్తే గాని తెలియదు గనుక ఇంటి దగ్గర ఆస్పిరిన్ వేయరాదు. మింగుడు పడని మనిషి నోట్లో పసరు గాని, నీళ్లు గాని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వున్నది. లక్షణాలు మొదలైన సమయం ఎన్ని గంటలో గుర్తుపెట్టుకుని చెప్పాలి. నెత్తురు పలచబరచే మందు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకుపోవాలి.

కొన్నిసార్లు పడిపోయిన చెయ్యి పదిహేను నిమిషాలలో మళ్లీ మామూలుగా లేస్తుంది. వాతం దానంతటదే దిగిపోయిందని సంతోషించి ఆ రోజు పనిలోకి వెళ్లేవారు వున్నారు. చిన్న గడ్డ వచ్చి కరిగిపోయిందని దాని అర్థం. వెనుక పెద్దది రావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి ఇ.సి.జి. తీయించుకుని, గుండె లయ తప్పిందేమో తెలుసుకుంటే రెండోది రాకుండా ఆపే అవకాశం వుంటుంది. అప్పుడు మందా, సంచి మూయడమా అన్నది డాక్టరు తేలుస్తారు. ఇంట్లోవాళ్లు ముందుగా చేయవలసింది మాత్రం ఒక్కటే. పెద్దవారి మణికట్టు మీద మూడు వేళ్లు వేసి, నిండు నిమిషం నాడి చూడటం.